జపాను చనువు నుడి: వినోదమే బడిగా సాగిన అభ్యాస చరిత్ర

ఉపోద్ఘాతం

పుస్తకాల ద్వారా ఒక భాషను నేర్చుకున్నవారు ఆ భాష మాట్లాడే ఊళ్లో అడుగుపెట్టినప్పుడు మొదట తడబడేది కఠిన పదాల దగ్గర కాదు, తేలిక మాటల దగ్గర. జపాను భాష విషయంలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి పాఠ్యపుస్తకాలు సాధారణంగా ‘దెసు’, ‘మసు’ అనే మర్యాద రూపాలతో మొదలవుతాయి. వాటిని చక్కగా అభ్యసించిన విద్యార్థి కార్యాలయంలో నెగ్గుకురాగలడు. ఇద్దరు స్నేహితులు టీకొట్టులో కూర్చొని మాట్లాడుకుంటుంటే మాత్రం అతనికి సగం మాటలు అందవు. తెలిసిన క్రియలే కురచబడి, విభక్తులు జారిపోయి, వాక్యాంతంలో కొత్త అవ్యయాలు చేరి వినిపిస్తాయి.

ఇటువంటి సంభాషణను జపానీయులు ‘కుదకెత’ మాట అంటారు. ఆ పదానికి ‘నలిగి పొడి అయిన’ అని అర్థం. గట్టి ముద్దగా ఉన్న మర్యాద భాష నలిగితే చనువు భాష అవుతుందన్న భావన అందులో ఉంది. యువకుల వాడుకలు, వృత్తి బృందాల రహస్య పదాలు, వీధి మాటలు ఈ చనువు భాషలోనే పుట్టి పెరుగుతాయి.

ఈ నుడిని బయటివారు ఏ మార్గాన నేర్చారు? 16వ శతాబ్ది చివరి నుంచి లభిస్తున్న ఆధారాలను వరుసగా చూస్తే ఒక విషయం తేటపడుతుంది. చనువు నుడి వ్యాకరణ సూత్రాల ద్వారా కాక కథ, హాస్యం, రంగస్థలం వంటి వినోద రూపాల ద్వారానే ఎక్కువగా అభ్యాసకులకు చేరింది. దీనికి కారణం వినోదం సులభం కావడం మాత్రమే కాదు. చనువు మాటకు అర్థాన్నిచ్చేది మాట్లాడేవారి మధ్య ఉన్న సంబంధం. ఆ సంబంధాన్ని సూత్రం చూపలేదు, కథ చూపగలదు. ఈ ప్రతిపాదనను చారిత్రక క్రమంలో నిరూపించడం, తెలుగు వాడుక భాషా చరిత్రతో దానికి గల పోలికను సూచించడం ఈ వ్యాసం లక్ష్యం.

చనువు నుడి స్వభావం

చరిత్రలోకి వెళ్లేముందు ఈ నుడి నిర్మాణాన్ని స్థూలంగా గుర్తించాలి. ‘తెలియదు’ అనే అర్థంలో మర్యాద రూపం ‘వకరిమసెన్’. సామాన్య రూపం ‘వకరనై’. అదే నోట నలిగితే ‘వకన్నై’. ‘తినేయడం’ అనే అర్థంలోని ‘తబెతె షిమౌ’ అనే పదబంధం మాటల్లో ‘తబెచౌ’గా కుదించుకుపోతుంది. ఈ మార్పులన్నీ క్రమబద్ధమైనవే కాబట్టి వాటిని సూత్రీకరించడం కష్టం కాదు.

కష్టమంతా వాటిని ఎవరితో వాడాలన్న దగ్గర ఉంది. తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’ అనే సర్వనామాల ఎంపిక క్రియాంతాన్ని కూడా నిర్ణయిస్తుంది. ‘వచ్చావా’ అనవలసిన చోట ‘వచ్చారా’ అంటే దూరం పెరుగుతుంది. ‘వచ్చారా’ అనవలసిన చోట ‘వచ్చావా’ అంటే అపచారమవుతుంది. జపాను భాషలో కర్తను చెప్పకపోయినా క్రియారూపమే ఈ భారాన్ని మోస్తుంది. పురుషుడు తనను ‘వతషి’, ‘బొకు’, ‘ఒరె’ అనే మూడు మాటలలో దేనితో చెప్పుకుంటాడన్నదే అతని వైఖరిని పట్టిస్తుంది.

ఇక ఈ విలువలు కాలక్రమంలో మారుతుంటాయి. ‘ఒమాఎ’, ‘కిసమ’ అనే సర్వనామాలు ఒకప్పుడు గౌరవవాచకాలు. నేడు మొదటిది మొరటు సంబోధన, రెండవది తిట్టు. సమవయస్కులతో చనువుగా మాట్లాడే తీరుకు నేడు వాడుతున్న ‘తమెగుచి’ అనే పేరు కూడా జూదపుటింటి నుంచి వచ్చిందే. రెండు పాచికల మీద ఒకే సంఖ్య పడడాన్ని జూదరులు ‘తమె’ అనేవారు. సమానత్వాన్ని సూచించే ఆ మాట తుంటరి యువకుల నోళ్లలో నలిగి సామాన్య వ్యవహారంలోకి వచ్చింది. ఈ విధమైన మార్పులను నిఘంటువులు చాలా కాలం తరువాత గాని నమోదు చేయలేవు.

మెత్తబరచిన కథ: 1592

జపాను వాడుక భాషను బోధించడానికి ఉద్దేశించిన తొలి ముద్రిత గ్రంథాలలో ఒకటి 1592లో క్యూషూ ప్రాంతపు అమకుసలో వెలువడింది. యూరపు నుంచి వచ్చిన జెస్యూట్ మతబోధకులు తెచ్చిన అచ్చుయంత్రం మీద అది రోమను లిపిలో అచ్చయింది. దాని ముఖపత్రం మీది దీర్ఘ శీర్షికకు భావం ఇది: జపాను భాషనూ చరిత్రనూ నేర్చుకోగోరేవారి కోసం లోకవాడుకలోకి మెత్తబరచిన హేయికె కథ. ‘మెత్తబరచిన’ అనే ఈ మాట గమనింపదగింది. ప్రౌఢ శైలిలోని వీరగాథను నలుగురి నోట పలికే మాటగా మార్చడాన్ని ఆ కూర్పరి గట్టిదాన్ని మెత్తగా చేయడంగా భావించాడు.

ఆ కూర్పరి ఫుకన్‌సాయ్ హబియన్ అనే జపానీయుడు. గాథను ఆయన తిన్నగా చెప్పలేదు. ఉమనొజొ అనే వ్యక్తి అడుగుతుండగా కీఇచి అనే అంధ గాయకుడు కథ చెప్పినట్లు నడిపాడు. దీనివల్ల అభ్యాసకుడికి కథతోపాటు ప్రశ్న, సమాధానం, ఆశ్చర్యం, ‘తరువాత ఏమైంది’ అనే ప్రోత్సాహం కూడా వినిపిస్తాయి. మరుసటి ఏడు 1593లో ఈసపు కథలు కూడా ఇదే పద్ధతిలో వాడుక భాషలో వెలువడ్డాయి. ఈ రెండూ కలిపి కుట్టిన ఏకైక ప్రతి నేడు బ్రిటిష్ గ్రంథాలయంలో ఉంది. నాలుగు శతాబ్దాల కిందటి జపాను మాట తీరును తెలుసుకోవడానికి జపాను భాషాచరిత్రకారులు సైతం ఈ పుస్తకాలను ఆశ్రయించవలసివస్తోంది. పరాయివారికి పాఠంగా తయారైనది స్వదేశీయులకు ఆకరమైంది.

1603లో నాగసాకిలో వెలువడిన జపాను-పోర్చుగీసు నిఘంటువు సుమారు 32,000 పదాలను నమోదు చేసింది. క్యోటో వాడుకను ప్రమాణంగా తీసుకొని, క్యూషూ ప్రాంతపు మాటలను, స్త్రీల మాటలను, నీచంగా భావించబడే మాటలను అది వేరుగా గుర్తించింది. మాటను వదిలివేయకుండా అది ఎవరి నోటిదో చెప్పడం ఆ నిఘంటువు విశిష్టత.

దుబాసీగా పేరుపొందిన జోవావ్ రొడ్రిగెస్ 1604, 1608 మధ్య వెలువరించిన బృహద్వ్యాకరణంలోనూ, 1620లో మకావులో ముద్రించిన సంగ్రహ వ్యాకరణంలోనూ జపాను భాషను విస్తృతంగా వివరించాడు. రెండవ గ్రంథంలో ఆయన పఠన క్రమాన్ని కూడా నిర్దేశించాడు. నృత్య ప్రదర్శనల పాఠాలు, చిన్న కథలు మొదటి మెట్టు. అవి సంభాషణకు దగ్గరగా ఉండడమే అందుకు కారణం. వీరగాథలు పై మెట్లు. వ్యాకరణకర్త అయి ఉండి కూడా ఆయన ఆరంభకుడికి ప్రదర్శన పాఠాన్నే చేతికిచ్చాడు. 1614లో క్రైస్తవ నిషేధం అమలులోకి రావడంతో జపానులో ఈ కృషికి తెరపడింది.

స్నానశాల సంభాషణలు

తరువాతి రెండు శతాబ్దాలలో జపాను చనువు నుడిని శ్రద్ధగా నమోదు చేసినవారు పండితులు కారు, హాస్య రచయితలు. జిప్పెన్‌షా ఇక్కు 1802లో ప్రారంభించిన ‘తొకాయ్‌దోచూ హిజకురిగె’ ఎడో నుంచి బయలుదేరిన ఇద్దరు కొంటె బాటసారుల కథ. దారి పొడవునా ఊరూరి యాసలు, పూటకూళ్ల ఇళ్లలో గొడవలు, బండబూతులు అందులో కనిపిస్తాయి. నేడు యువకుల నోట నిరంతరం వినిపించే ‘యబాయి’ అనే మాటకు మూలమైన ‘యబ’ అనే రూపం ప్రమాదకరం అనే అర్థంలో ఆ గ్రంథంలోనే కనిపిస్తుంది. ‘నిజంగానా’ అనే అర్థంలో నేడు వాడే ‘మజి’ కూడా ‘మజిమె’ అనే పదానికి కుదింపుగా ఎడో కాలానికే వాడుకలో ఉంది. కొత్తతరం భాషను చెడగొడుతోందని పెద్దలు ఆక్షేపించే మాటలలో కొన్ని ఆ పెద్దల తాతముత్తాతలు వాడినవేనన్నమాట.

షికితెయి సంబ 1809, 1813 మధ్య ప్రకటించిన ‘ఉకియొబురొ’లో చెప్పుకోదగ్గ కథ లేదు. ఎడో నగరపు సార్వజనిక స్నానశాలకు వచ్చిపోయేవారి మాటలే ఆ గ్రంథమంతా. వైద్యుడు, తాగుబోతు, పసిపిల్లల తల్లి, పనికత్తె, ముసలివాడు ఎవరి తీరున వారు మాట్లాడుతారు. స్త్రీల స్నానశాల భాగంలో ఎడో స్త్రీ, క్యోటో-ఒసాకా ప్రాంతపు స్త్రీ ఒకరి పలుకుబడిని మరొకరు ఎత్తిపొడుచుకునే ఘట్టం మాండలిక చర్చగా కూడా ప్రసిద్ధం. ‘గ’ అక్షరాన్ని పల్లెవాసులు పలికే తీరును వేరుగా చూపడానికి సంబ ప్రత్యేక చిహ్నాన్ని సైతం వాడాడు. నవ్వించడానికి పూనుకున్న రచయిత ధ్వనిశాస్త్రజ్ఞుడి సూక్ష్మతను పాటించవలసివచ్చింది. మాట తీరు సరిగా పట్టకపోతే పాఠకుడు నవ్వడు కాబట్టి హాస్యమే ఆ కచ్చితత్వానికి హామీగా నిలిచింది.

స్నానశాలను ఎంచుకోవడంలో మరొక ఔచిత్యం ఉంది. హోదాను తెలిపే దుస్తులను గడప దగ్గరే విడిచి అందరూ ఒకే తొట్టిలో దిగే చోటు అది. శరీరం సేదదీరే చోటనే మాట కూడా సడలుతుంది. చనువు నుడికి విశ్రాంతి సహజస్థానమన్న విషయాన్ని సంబ సూత్రంగా చెప్పలేదు, దృశ్యంగా చూపాడు.

రేవు పట్టణపు హెచ్చరిక

1859లో యొకొహామా రేవు విదేశీయులకు తెరుచుకున్నాక అభ్యాసకుల రెండవ తరం వచ్చింది. వ్యాపారులకు తీరిక లేదు. రేవులో అవసరాల మేరకు ఒక కలగలుపు భాష పుట్టింది. 1879లో హాఫ్మన్ ఆట్కిన్సన్ ‘యొకొహామా మాండలిక అభ్యాసాలు’ అనే పరిహాస గ్రంథంలో దీన్ని నమోదు చేశాడు. ఉండడాన్ని తెలిపే ‘అరిమసు’ అనే ఒక్క క్రియ అందులో దాదాపు అన్ని పనులూ చేస్తుంది. సరుకు కొనడానికి, కూలివాణ్ణి పిలవడానికి అది చాలింది. అంతకుమించి దానితో ఎవరినీ పలకరించడం సాధ్యం కాలేదు. సులభంగా నేర్చుకోవడం, సేదదీరుతూ నేర్చుకోవడం ఒకటి కావని ఈ ఉదాహరణ తెలుపుతుంది. మొదటిది భాషను తగ్గిస్తుంది. రెండవది భాషలో నివసించే సమయాన్ని పెంచుతుంది.

ఇందుకు భిన్నంగా కొందరు మతబోధకులు, రాయబార ఉద్యోగులు నిజమైన వాడుకను సంభాషణల రూపంలో కూర్చారు. శామ్యూల్ రాబిన్స్ బ్రౌన్ 1863లో వాడుక జపాను సంభాషణల గ్రంథాన్ని ప్రకటించాడు. ఎర్నెస్ట్ సాటో 1873లో ఎడో వాడుకలో ఇరవైఐదు అభ్యాసాలతో ‘క్వాయివ హెన్’ వెలువరించాడు. వీరు అవసరాలకన్నా సందర్భాలకు పెద్దపీట వేశారు.

కథకుడి గొంతు, శీఘ్రలిపి, వచనం

1882లో తకుసరి కోకి జపాను శీఘ్రలిపిని బోధించడం ప్రారంభించాడు. రెండేళ్లకే, 1884లో, సుప్రసిద్ధ కథకుడు సన్యూతెయి ఎంచో వేదిక మీద చెప్పిన ‘బొతాన్ దోరో’ కథను శీఘ్రలిపికారులు మాట పొల్లుపోకుండా రాసి అచ్చువేశారు. గొంతుకే పరిమితమైన నగరపు వాడుక పుస్తకంగా పాఠకుల చేతికి వచ్చింది.

దీని ఫలితం రెండు దిశలలో కనిపించింది. మొదటిది సాహిత్యంలో. కొత్త నవల రాయాలని తలపెట్టిన ఫుతబతెయి షిమెయికి త్సుబొఉచి షోయో ఎంచో కథ చెప్పే తీరున రాసి చూడమని సలహా ఇచ్చాడు. ఆ సంగతి ఫుతబతెయే 1906 నాటి వ్యాసంలో గుర్తుచేసుకున్నాడు. 1887, 1889 మధ్య వెలువడిన ‘ఉకిగుమొ’ నవల మాటనూ రాతనూ ఏకం చేయాలన్న ఉద్యమానికి మైలురాయి అయింది. జపానులో దాన్ని ‘గెంబున్-ఇచ్చి’ అంటారు.

రెండవ ఫలితం భాషాభ్యాసంలో. 1886లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన బేసిల్ హాల్ చాంబర్లెయిన్ 1888లో వాడుక జపాను భాషకు కరదీపికను ప్రకటించాడు. సూత్ర భాగం తరువాత వచ్చే అభ్యాస భాగంలో ఆయన ఎంచో ‘బొతాన్ దోరో’ నుంచి భాగాలను పాఠంగా చేర్చాడు. తొలి నవలకారుడికి ఆదర్శమైన కథకుడే పరదేశి విద్యార్థికీ గురువయ్యాడు.

ఈ మార్గాన్ని చివరిదాకా నడిచినవాడు హెన్రీ జేమ్స్ బ్లాక్. 1858లో ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్‌లో పుట్టి, చిన్నతనంలోనే జపాను చేరిన ఆయన సన్యూ కథక సంప్రదాయంలో చేరాడు. 1891లో ‘కాయ్‌రకుతెయి బురక్కు’ అనే వేదిక పేరు స్వీకరించి, టోక్యో శ్రోతలను వారి నుడితోనే నవ్వించాడు. ‘కాయ్‌రకు’ అంటే ఆనందం. 1903లో గ్రామఫోను సంస్థ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ టోక్యో వచ్చి కళాకారుల గొంతులను ముద్రించినప్పుడు బ్లాక్ అందుకు తోడ్పడ్డాడు. నేడు ఆ కాలపు వాడుకను చెవితో వినగలుగుతున్నామంటే అందులో ఈ అభ్యాసకుడి పాత్ర ఉంది.

ప్రామాణికత నీడలో

1902లో జాతీయ భాషా పరిశోధన సంఘం ఏర్పడడంతో ప్రామాణిక భాషా నిర్మాణం ప్రభుత్వ కార్యమైంది. మాటనూ రాతనూ దగ్గర చేసిన ఉద్యమమే టోక్యో విద్యావంతుల మాటకు పట్టం కట్టి, మిగిలిన మాటలను కిందికి నెట్టింది. ఒకినావా పాఠశాలల్లో ఇంటి మాట మాట్లాడిన పిల్లల మెడలో ‘హోగెన్ ఫుద’ అనే కొయ్య పలకను వేలాడదీసి సిగ్గుపరిచారు. చనువు నుడికి ప్రాణం పోసే భద్రతాభావమే ఆ పిల్లలకు కరవైంది. ఇష్టంగా నేర్చుకోవడం, భయంతో నేర్చుకోవడం మధ్య తేడా బోధన పద్ధతులకు సంబంధించింది మాత్రమే కాదు, అధికారానికి సంబంధించింది కూడా అని ఈ ఉదంతం తెలుపుతుంది.

ఏది నీచం, ఏది శిష్టం అన్న తీర్పు ఎంత అస్థిరమో మరొక ఉదాహరణ చూపుతుంది. విద్యార్థినుల నోట ‘తెయొ’, ‘దవ’ అనే వాక్యాంతాలు వినిపించినప్పుడు ఓజకి కోయో 1888లో వాటిని విమర్శించాడు. ఆ వాక్యాంతాలే తరువాతి కాలంలో సంపన్న కుటుంబాల స్త్రీల సొగసైన మాటతీరుకు గుర్తుగా నవలల్లో స్థిరపడ్డాయి. ‘యబాయి’ కథ కూడా ఇటువంటిదే. ప్రమాదాన్ని సూచించిన ఆ మాట నేడు రుచికరమైన వంటకాన్ని మెచ్చుకోవడానికీ వాడుతున్నారు. జపాను సాంస్కృతిక వ్యవహారాల సంస్థ 2014-15 సంవత్సరపు భాషాభిప్రాయ సేకరణలో 16 నుంచి 19 ఏళ్లవారిలో పదింట తొమ్మిది వంతులకు పైగా ఈ మెప్పు అర్థంలో వాడుతున్నట్లు చెప్పారు.

ద్వితీయ ప్రపంచయుద్ధానంతరం ఎలినార్ జోర్డెన్ 1962-63లో వెలువరించిన పాఠ్యగ్రంథం వంటివి శ్రవణ, సంభాషణాభ్యాసాలకు కొత్త ప్రతిష్ఠ తెచ్చాయి. చనువు నుడి విషయంలో మాత్రం పాత మార్గమే కొత్త రూపాలలో కొనసాగింది. 1946లో మొదలైన ‘సజఎ-సాన్’ బొమ్మల కథ ఒక ఉమ్మడి కుటుంబపు ఇంటి మాటలను అందించింది. 1969లో ప్రారంభమైన ‘ఒతొకొ వ త్సురాయ్ యొ’ చలనచిత్ర పరంపర టోక్యో పాతపేట మాటను తోరా-సాన్ నోట పలికించింది. 2006లో జపాను ఫౌండేషన్ రూపొందించిన ‘ఎరిన్’ దృశ్య పాఠాలు జపాను ఉన్నత పాఠశాలలో చేరిన పరదేశి విద్యార్థిని కథగా సాగుతాయి. ఉపాధ్యాయుడితో ఒక తీరు, తోటివారితో మరొక తీరు ఎలా ఉంటుందో అందులో చూపారు. 1592 నాటి కూర్పరి ఎరిగిన రహస్యాన్ని సంస్థలు మళ్లీ కనుగొన్నాయి.

అయితే కథను నమ్మడంలో ఒక చిక్కు ఉంది. కిన్‌సుయి సతొషి 2000లో ‘యకువరిగో’, అంటే పాత్రోచిత భాష, అనే భావనను ప్రతిపాదించాడు. కథల్లో ముసలి శాస్త్రజ్ఞుడు, ధనిక యువతి, పల్లెటూరివాడు మాట్లాడే భాష నిజజీవితంలోనిది కాదు. చూడగానే పాత్రను గుర్తించడానికి ఏర్పడిన సంకేతం. బొమ్మల కథలోని వీరుడి ‘ఒమాఎ’ను యజమాని మీద ప్రయోగించిన అభ్యాసకుడు కథను విన్నాడు గాని, అందులోని సంబంధాన్ని గమనించలేదు. కథ బడి కావాలంటే ఎవరు ఎవరితో అంటున్నారన్న స్పృహ తప్పనిసరి. 1603 నాటి నిఘంటువు మాట పక్కన ఉంచిన గుర్తుల ప్రయోజనం ఇక్కడ మళ్లీ జ్ఞప్తికి వస్తుంది.

తెలుగు వ్యవహారంతో పోలిక

ఈ చరిత్రలో తెలుగువారికి పరిచితమైన రేఖలు కొన్ని ఉన్నాయి. సాటో ఎడో అభ్యాసాలు వెలువడిన 1873లోనే ఎ.హెచ్. ఆర్డెన్ తెలుగు వ్యాకరణం వచ్చింది. గ్రాంథిక రూపాలకూ వాడుక రూపాలకూ ఉన్న అంతరం అందులో అభ్యాసకుడి సమస్యగా నమోదైంది. 1906 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ పుస్తకాల తెలుగుకూ జనం తెలుగుకూ ఇంత తేడా ఎందుకని వేసిన ప్రశ్న గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమానికి ప్రేరకాలలో ఒకటైంది. ఉద్యోగి గలెట్టి 1935లో వెలువరించిన నిఘంటువు సమకాలీన వ్యవహారంలోని తెలుగును లక్ష్యం చేసుకొన్నది. బయటివారి తడబాటు సొంతవారి కళ్లు తెరిపించడం రెండు భాషల్లోనూ జరిగింది.

ఫుతబతెయి నవలకు సమకాలికంగా, 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన గురజాడ ‘కన్యాశుల్కం’ ఉత్తరాంధ్ర చనువు నుడికి నేటికీ ఉత్తమ పాఠ్యగ్రంథం. గిరీశం ఎవరి దగ్గర ఏ గొంతు ఎత్తుతాడో గమనించిన పాఠకుడికి ఆ నాటి సామాజిక సంబంధాల పటమంతా తెలుస్తుంది. సంబ స్నానశాల చేసిన పనినే తెలుగులో ఆ నాటకం చేసింది.

ముగింపు

నాలుగు శతాబ్దాల ఆధారాలు ఒకే సంగతిని వేర్వేరు గొంతులతో చెబుతున్నాయి. హబియన్ వీరగాథను మెత్తబరిచాడు. సంబ నవ్వించడం కోసం ధ్వనులను కొలిచాడు. ఎంచో గొంతు నవలకూ కరదీపికకూ ఆధారమైంది. బ్లాక్ ఆ గొంతును తనదిగా చేసుకున్నాడు. రేవు పట్టణపు కురచ భాష, ఒకినావా బడి పలక ఈ మార్గానికి వెలుపల నిలిచి, వినోదం లేనిచోట, భద్రత లేనిచోట చనువు నుడి ఎలా ఎండిపోతుందో చూపాయి.

తెలుగును రెండవ భాషగా, ముఖ్యంగా ప్రవాస కుటుంబాల రెండవ తరానికి బోధించే పాఠ్యప్రణాళికలకు ఈ చరిత్ర ఉపకరిస్తుంది. ఆ పిల్లలు అమ్మమ్మతో, మేనమామతో, బావతో మాట్లాడవలసిన తెలుగు ఒకటి కాదు. ఆ తేడాలను పట్టికగా ఇచ్చినా అవి నాలుకకు ఎక్కవు. ఒక నాటక ఘట్టం, ఒక హాస్యకథ, ఒక ఇంటి సంభాషణ ముందుంచి, ఎవరు ఎవరితో ఎందుకు అలా అన్నారో అడిగితే ఎక్కుతాయి. చనువు లేకుండా చనువు భాష రాదు. ఆ చనువును తరగతిలోకి తేగల సాధనంగా కథకు మించినది జపాను చరిత్రలో కనిపించదు.